చెరువు వీడియోలు చేసే రిపోర్టర్‌ని నమ్మొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్. మూడేళ్ల క్రితం లోన్ పెట్టి కొనుక్కున్నాం. వెనకాలే చెరువు. అప్పట్లో బ్రోకర్ 'లేక్ వ్యూ' అని రెండు లక్షలు ఎక్కువే చెప్పాడు. ఇప్పుడు మా ఇంట్లో గొడవంతా ఆ చెరువు గురించే. ఇక్కడ ఒక రిపోర్టర్ ఉన్నారు. చిన్న పేపర్‌లో రాస్తారు, సొంతంగా యూట్యూబ్ ఛానల్ కూడా నడుపుతారు. అన్నీ పర్యావరణం వార్తలే. మొన్న జూన్‌లో మా చెరువులో చేపలు చచ్చి తేలితే 'ఫార్మా విషం' అని వీడియో చేశారు. తర్వాత మా ఏరియాలో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 153 ఉందని ఫోన్ చూపించి, ఇక్కడ ఊపిరి పీల్చడమే ప్రమాదమన్నారు. పోయిన నెల ఏకంగా చెరువు వెనక సగం ఫ్లాట్లు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు లోపల ఉన్నాయన్నారు. రోజూ పొద్దున్నే చెరువు కట్ట మీద వాకింగ్‌కి వెళ్లే మా మామయ్య గారు ఆయన వీడియో వచ్చిందంటే చాలు ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేస్తారు. ఆయనకు అది వేదవాక్కు. మా వారేమో 'వాడు వసూళ్ల బ్యాచ్, ఎవడో బిల్డర్ వెనకుండి ఆడిస్తున్నాడు' అంటారు. అన్నాల దగ్గర రోజూ ఇదే గోల. మా బాబుకు నాలుగేళ్లు, వీజింగ్ ఉంది. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. నేను బీకాం చదివాను, సైన్స్ పెద్దగా తెలియదు. ఈ రిపోర్టర్‌ని నమ్మొచ్చా? నాలాంటి వాళ్లు అది ఎలా తెలుసుకోవాలి? (పేరు వేయొద్దు.)

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి. రిపోర్టర్ చెప్పింది నిజమో అబద్ధమో తేలేదాకా పిల్లాడి విషయంలో ఆగక్కర్లేదు. పిల్లల డాక్టరుకు చూపించండి. ఇన్‌హేలర్ ఎప్పుడు వాడాలి, ఎలా ఉంటే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి అన్నది ఒక కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్‌కి అంటించుకోండి. చెరువు పక్కన ఇల్లంటే దోమల కాయిల్ రాత్రంతా వెలుగుతుందని నా అనుమానం. అదే నిజమైతే ఈరోజే తీసేసి దోమతెర కట్టండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీరు మూడు లింకులు పంపారు. నేను ఆయనవి తొమ్మిది వీడియోలు చూశాను, రెండు సాయంత్రాలు పట్టింది. 22 ఏళ్లు పేపర్ డెస్కులో కూర్చుని రిపోర్టర్ల కాపీలు దిద్దిన దాన్ని కదా, ఒక్కటి చూసి వదిలేయడం నా వల్ల కాదు. ఆయన పేరు, మీ చెరువు పేరు ఇక్కడ వేయడం లేదు.

మీ ఇంట్లో గొడవంతా ఆ మనిషి గురించే నడుస్తోంది. మామయ్య గారు ఆయన ధైర్యం చూస్తున్నారు, మీ వారు ఆయన జేబు చూస్తున్నారు. చేపలు ఎందుకు చచ్చాయన్నది ఈ రెండింట్లో దేంట్లోనూ దొరకదు. పైసా ముట్టని వాడు కూడా తప్పు రాస్తాడు. నేనే రాశాను, ఆ కథ తర్వాత చెబుతాను. కాబట్టి మనిషిని కాసేపు పక్కన పెట్టి, ఒక్కో వీడియోలో ఆయన ఏం చూపించారో, ఏం అడిగారో, ఏం అడక్కుండా వదిలేశారో చూద్దాం.

చేపల వీడియోతో మొదలుపెడదాం. అది ఉదయం ఎనిమిదిన్నరకు తీసినట్టు ఆయనే చెప్పారు. పొట్టలు పైకి తేలిన చేపలు, గుర్రపు డెక్క, నాలా వచ్చి కలిసే మూల నురగ. ఆయన కట్ట మీద నిలబడి 'ఇది ఫార్మా విషమే' అని మూడుసార్లు అన్నారు. ఆ సంగతి ఎవరు చెప్పారు, నీళ్లు ఎవరు తీశారు, ఏ ల్యాబ్‌కి పంపారు అన్నది ఎక్కడా లేదు. నాలుగో నిమిషంలో ఆయన వెనక నుంచి ఒక పెద్దాయన పోతుంటాడు, చూశారా? లుంగీ పైకి కట్టి, భుజాన వల, చేతిలో ఖాళీ బుట్ట. కెమెరా రెండు సెకన్లు ఆయన మీద ఆగి మళ్లీ రిపోర్టర్ మొహం మీదికి వచ్చేసింది. ఆ కట్ట మీద చెరువు గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషిని పలకరించకుండా పోనిచ్చారు.

పలకరించి ఉంటే మూడు ప్రశ్నలు అడగాల్సింది. ఎన్ని గంటలకు తేలాయి? ఏ చేపలు? పెద్దవా, చిన్నవా? ఇవేవో కుతూహలానికి అడిగేవి కావు. పచ్చగా నాచు పట్టిన చెరువులో పగలు ఎండకు ఆ నాచే నీళ్లలోకి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రయితే అదే నాచు తిరిగి పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. దానికి తోడు జూన్‌లో మొదటి పెద్ద వాన పడితే, ఎండాకాలమంతా నాలాల్లో పేరుకున్న మురుగు ఒక్కసారిగా చెరువులోకి కొట్టుకొస్తుంది. ఆ మురుగును తినే సూక్ష్మజీవులు ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ లాగేస్తాయి. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చేపలు హాయిగా ఉంటాయి. 2 దగ్గరికి పడిపోతే బొచ్చె, రవ్వ లాంటివి పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, తెల్లారేసరికి తేలిపోతాయి. ఇలాంటప్పుడు సాధారణంగా పెద్ద చేపలే ముందు పోతాయి.

కొరమీను సంగతి వేరు. అది నీటి పైకి వచ్చి నేరుగా గాలే పీలుస్తుంది, నీళ్లలో ఆక్సిజన్ లేకపోయినా బతుకుతుంది. అందుకే మార్కెట్లో తొట్టిలో కాసిన్ని నీళ్లు పోసి కొరమీనుల్ని బతికుండగానే అమ్ముతారు. మన తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. చెరువులో బొచ్చెలు, రవ్వలు చచ్చి కొరమీనులు బాగుంటే ఆక్సిజన్ అందక చచ్చాయన్న మాటకు బలం ఉంటుంది. చిన్నా పెద్దా, కొరమీనుతో సహా, మిట్టమధ్యాహ్నం కూడా చస్తుంటే విషం అనుమానానికి బలం వస్తుంది. ల్యాబ్ రిపోర్టు లేకుండానే, బుట్ట పట్టుకున్న ఆ పెద్దాయనతో ఐదు నిమిషాలు మాట్లాడితే దొరికే సమాచారం ఇది. పర్యావరణం రిపోర్టర్‌కి డిగ్రీ ఉందా, అక్రిడిటేషన్ కార్డు ఉందా అని చాలామంది నన్ను అడుగుతుంటారు. కార్డు సమాచార శాఖ ఇస్తుంది, దానికీ చెరువు తెలియడానికీ సంబంధం లేదు. ఎమ్మెస్సీ చదివి కూడా జాలరిని అడగని వాళ్లను చూశాను. పది తప్పి కంట్రిబ్యూటర్‌గా, అంటే ఊరి విలేకరిగా చేరి, అన్నీ అడిగి రాసుకొచ్చిన వాళ్లనూ చూశాను.

ఒకసారి అలాంటి ఒక కుర్రాడితో నేను కూడా వెళ్లాను, తెల్లవారుజామున ఐదింటికి. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు నీళ్లు తీస్తున్నారు. చిన్న గాజు సీసా, లోపల ఒక్క గాలి బుడగ కూడా ఉండకుండా నీళ్లలోనే మూత పెట్టారు. కట్ట మీదే అందులో రెండు రకాల మందులు పిప్పెట్‌తో వేసి తిప్పారు. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే అడుగున గోధుమ రంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. ఆ రోజు పాలవిరుగుడులా తెల్లగా దిగింది. కుర్రాడు ఆ సీసానే ఫోటో తీసి, కింద టైము, స్థలం రాశాడు. ఆ ఫోటో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆక్సిజన్ పరీక్ష ఇలా అక్కడికక్కడ మందు వేసి గానీ, నీళ్లలో మీటరు ముంచి గానీ చేయాలి. కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టి మధ్యాహ్నం ల్యాబ్‌కి ఇస్తే వచ్చే అంకెకు విలువ లేదు. మీ రిపోర్టర్ ఇంకో వీడియోలో చేతిలో పట్టుకుని ఊపింది కూల్‌డ్రింక్ సీసానే.

అయితే మీ వారు దీన్ని పట్టుకుని 'చూశావా, కంపెనీల తప్పేం లేదు' అనడానికీ వీల్లేదు. ఫ్యాక్టరీ వదిలే మురుగు కూడా ఆక్సిజన్‌ని తినేయగలదు. విషం నాలా వెంట వచ్చి రెండు రోజుల్లో పలచబడిపోయిందనుకోండి, మూడో రోజు అధికారులు నీళ్లు తీస్తే ఏమీ దొరకదు. అప్పుడు 'పరీక్షలో ఏమీ తేలలేదు' అన్న ప్రకటనను ఏ ప్రశ్నా వేయకుండా రాసేసిన రిపోర్టర్ కూడా పని సగమే చేసినట్టు.

మన దగ్గర ఫార్మా అనగానే జనం ఎందుకు నమ్మేస్తారో నాకు తెలుసు, దానికి కారణం ఉంది. స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో ప్రచురించారు. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆ మాటను కొట్టిపారేయడం ఎవరికీ కుదరకపోవడానికి కారణం వాళ్లు విదేశీయులు కావడం కాదు. నీళ్లు ఎక్కడ తీశారు, ఎలా కొలిచారు అన్నది అంతా రాసి పెట్టారు. అనుమానమున్న వాళ్లు వెళ్లి మళ్లీ కొలుచుకోవచ్చు. ఆ 31 మిల్లీగ్రాములు ప్లాంటు నుంచి వదిలిన నీటిలోవి, ఎవరి ఇంటి కుళాయిలోవీ కావు. ఈ అంకెను ఎవరైనా మళ్లీ వాడినప్పుడు ఆ తేడా చెప్పారా లేదా చూడండి. చెప్పకపోతే ఆ రిపోర్టర్ అసలు పరిశోధన పత్రం చదవలేదు, ఇంకెవరో రాసింది చూసి రాశాడని నేను అనుకుంటాను.

ఇప్పుడు నా కథ. 1990ల చివర్లో, జిల్లా నుంచి ఒక కంట్రిబ్యూటర్ చేపలు చచ్చిన వార్త పంపాడు. జాగ్రత్తగా రాశాడు: 'రసాయనాల వల్లేనని మత్స్యకారులు అనుమానిస్తున్నారు.' రాత్రి పదకొండు, పేజీ వదలాలి, రెండు కాలాల్లో హెడ్డింగ్ పట్టాలి. 'అనుమానిస్తున్నారు' పట్టలేదు. 'విషపు నీటికి చేపలు బలి' అని పెట్టేశాను. వారం తర్వాత అది నాలా మురుగు వల్ల ఆక్సిజన్ పడిపోయి జరిగిందని తేలింది. సవరణ లోపలి పేజీలో రెండు వాక్యాలు, చదువరుల్లో ఎంతమంది చూశారో దేవుడికే తెలియాలి. హెడ్డింగ్ నాదని ఎవరికీ తెలియదు. ఊళ్లో తిట్లు తిన్నది ఆ కంట్రిబ్యూటర్. ఆయన నాకు ఫోన్ చేసి 'మేడమ్, నేను రాసింది ఒకసారి చదవండి' అన్నాడు, అంతే. అందుకే చెబుతున్నాను, హెడ్డింగ్ చూసి, యూట్యూబ్ అయితే థంబ్‌నెయిల్ చూసి రిపోర్టర్‌ని అంచనా వేయకండి. లోపల ఏముందో చూడండి. అయితే మీ రిపోర్టర్‌కి ఆ సాకు లేదు. ఛానల్ ఆయనదే, థంబ్‌నెయిల్ ఆయనే పెట్టుకుంటారు. పుర్రె బొమ్మ ఆయన ఎంచుకున్నదే.

గాలి వీడియోకి వద్దాం. ఆయన ఫోన్ కెమెరాకు దగ్గరగా పెట్టిన చోట వీడియో ఆపి చూడండి. 153 అంకె కింద చిన్న అక్షరాల్లో 'యూఎస్ ఏక్యూఐ' అని ఉంటుంది. అంటే అమెరికా లెక్క. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 అనే సన్నటి ధూళి సుమారు 58 మైక్రోగ్రాములుంటే అమెరికా లెక్కలో 153 వస్తుంది, ఎర్ర రంగు పడుతుంది, 'అనారోగ్యకరం' అంటుంది. అదే గాలికి మన దేశం లెక్క వేస్తే 97 దగ్గర వస్తుంది, లేత పచ్చ రంగు, 'సంతృప్తికరం'. గాలి ఒక్కటే. మన దగ్గర 24 గంటల సగటు 60 దాకా ఒప్పుకుంటారు, అమెరికా లెక్క 35 దాటగానే వంద దాటిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది ఇంకా తక్కువ, 24 గంటలకు 15. ఏ లెక్కో చెప్పకుండా 153 అనడం, కిలోలా పౌన్లా చెప్పకుండా బరువు చెప్పినట్టు ఉంటుంది. పైగా ఆయన చూపించింది ఆ గంట అంకె. మన అధికారిక ఏక్యూఐ 24 గంటల సగటు మీద కడతారు. ఇంకో సంగతి, మీ కాలనీలో కొలిచే యంత్రమే లేదు. సనత్‌నగర్, బొల్లారం, జూ పార్క్, పాశమైలారం లాంటి చోట్ల ఉన్నాయి. మిగతా చోట్ల యాప్‌లు చుట్టుపక్కల అంకెల నుంచి, ఉపగ్రహాల నుంచి అంచనా కట్టి చూపిస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల 'సమీర్' యాప్‌లో ఏ స్టేషన్ అంకె ఏదో చూడొచ్చు, ఫోన్‌లో వేసుకోండి.

ఇది విని 'సంతృప్తికరమేలే' అని ఊరుకోకండి. మన ప్రభుత్వ పట్టికలోనే ఆ 'సంతృప్తికరం' పక్కన, సున్నితమైన వాళ్లకు ఊపిరి తీసుకోవడంలో కొద్దిగా ఇబ్బంది రావచ్చని ఉంటుంది. సున్నితమైన వాళ్లంటే మీ బాబు లాంటి వాళ్లే. కాబట్టి ఆయన అంకె తప్పుగా వాడినా, మీ కంగారు పూర్తిగా అనవసరమని నేను అనను. గాలి బాగాలేని రోజు బాబును మెయిన్ రోడ్డు పక్క పార్కుకు తీసుకెళ్లకుండా ఇంట్లో ఆడించుకోండి.

ఎఫ్‌టీఎల్ సంగతి తేలిగ్గా తేలేదే. రిపోర్టర్‌ని నమ్మడం, నమ్మకపోవడం అన్న ప్రశ్నే రాదు, ఎందుకంటే అది కాగితం మీద ఉంటుంది. హైదరాబాద్ అభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ వెబ్‌సైట్‌లో చెరువుల మ్యాపులున్నాయి. మీ చెరువుకు ప్రాథమిక నోటిఫికేషనే వచ్చిందా, తుది నోటిఫికేషన్ కూడా వచ్చిందా చూడండి. ప్రాథమిక దశలో అభ్యంతరాలు తీసుకుంటారు, గీత మారొచ్చు. చెరువు 25 ఎకరాలు దాటితే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు బఫర్ (ఏమీ కట్టకూడని చోటు), తక్కువైతే సాధారణంగా 9 మీటర్లు. మీ రిపోర్టర్ ఎఫ్‌టీఎల్‌నీ బఫర్‌నీ ఒకే ఊపులో కలిపేసి మాట్లాడారు, ఏ నోటిఫికేషనో చెప్పలేదు, వానాకాలం ఉపగ్రహ చిత్రం మీద ఎర్ర గీత గీసి చూపించారు. అది ఎవరు గీసిన గీతో నాకు అర్థం కాలేదు. మీ సేల్ డీడ్‌లో సర్వే నంబర్ తీసుకుని లాయర్‌కి చూపించండి, లోన్ ఇచ్చిన బ్యాంకు లీగల్ రిపోర్టు కూడా అడగండి. చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఈ మాట చాలామంది ఇళ్లలో నిద్ర లేకుండా చేస్తోంది. ఇంత భయపెట్టే మాట కాగితం చూపకుండా అనడం నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చనిది.

ఇక మీ వారి మాట. చిన్న పేపర్లలో వసూళ్లు లేవని నేను అబద్ధం చెప్పను. చాలామంది కంట్రిబ్యూటర్లకు జీతం ఉండదు, యాడ్స్ టార్గెట్ ఉంటుంది. పండగకి శుభాకాంక్షల యాడ్ ఇవ్వని కంపెనీ మీద మర్నాడు 'కాలుష్యం' వార్త రావడం నేను చూశాను. దానికి కొన్ని ఆనవాళ్లుంటాయి. వారం తర్వాత వీడియో మాయమవుతుంది. మొదట పేరు పెట్టి తిట్టిన కంపెనీ ఫాలోఅప్‌లో 'ఓ ప్రముఖ సంస్థ' అయిపోతుంది. లేదా అసలు ఫాలోఅప్పే ఉండదు. నేను చూసిన తొమ్మిదింటిలో ఇవి కనిపించలేదు. పాతవి అన్నీ అలాగే ఉన్నాయి. మీ వారిని ఒక్క మాట అడగండి: 'బిల్డర్ డబ్బులిచ్చాడని మీకు ఎవరు చెప్పారు?' రిపోర్టర్‌ని అడిగే ప్రశ్నే ఇదీ. 'అందరూ అంటున్నారు' అంటే, రిపోర్టర్ ఫార్మా గురించి అన్నది కూడా అంతే కదా.

కానీ తొమ్మిదిలో రెండు నన్ను ఆపాయి, మామయ్య గారు ఇవి మీ గ్రూప్‌లో పెట్టి ఉండరు. ఒకటి రెండేళ్ల నాటిది. ఒక గేటెడ్ కమ్యూనిటీ ముందు నిలబడి, లోపల మురుగుశుద్ధి ప్లాంటు మోటార్లు ఆపేసి ఉన్నాయని, మురుగు నేరుగా నాలాలోకి పోతోందని చూపించారు. 'చెరువును చంపేది కంపెనీలే కాదు, మనం కూడా' అని చూసేవాళ్ల మొహం మీదే అన్నారు. ఆ వీడియోకి వచ్చిన వ్యూస్ మిగతా వాటిలో పదో వంతు లేవు. కింద కామెంట్లన్నీ తిట్లే. అయినా తీసేయలేదు. తన ఛానల్‌ని నిలబెట్టే జనానికే నచ్చని మాట చెప్పి, ఆ నష్టం భరించిన మనిషి ఆయన. నేను రిపోర్టర్లలో వెతికేది ఇదే. కంపెనీని తిడితే చప్పట్లు పడతాయి, దానికి పెద్ద ఖర్చు లేదు. మీ అపార్ట్‌మెంట్ మురుగు ఎక్కడికి పోతోందో మీకు తెలుసా? తెలుసుకోండి, చెరువు నురగలో మీ వంతు కూడా ఉండొచ్చు.

రెండోది ఇంకా చిన్న విషయం. ఒక పాత వీడియో కింద మొదటి కామెంట్‌ ఆయనే పెట్టి పైన నిలిపి ఉంచారు: 'ఇందులో నేను పేరు చెప్పిన ఫ్యాక్టరీ రెండేళ్లుగా మూతపడి ఉందని స్థానికులు చెప్పారు. వెళ్లి చూశాను, నిజమే. పొరపాటు నాది.' వీడియోలో దిద్దకపోవడం లోపమే, అయినా మళ్లీ వెళ్లి చూడటం, ఒప్పుకోవడం రెండూ చేశారు. మా డెస్కు అప్పుడు లోపలి పేజీలో దాచిన దానికంటే ఇది నయం.

ఇంకో మాట, ఇది మీ ఇంట్లో ఇద్దరికీ. 2025 మార్చి ఆఖరులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్లు కొట్టే గొడవ గుర్తుందిగా. బుల్డోజర్ల ముందు జింకలు, నెమళ్లు పారిపోతున్నట్టు ఫోన్లలో తిరిగిన బొమ్మల్లో కొన్ని ఏఐతో చేసినవి. అవి నకిలీవి అని తేలగానే చాలామంది 'అంతా అబద్ధమే' అనేశారు. కానీ సుప్రీంకోర్టు హైకోర్టు రిజిస్ట్రార్‌ని పంపి చూసి రమ్మని, ఏప్రిల్ 3న అక్కడ చెట్లు కొట్టడం ఆపించింది. బొమ్మ నకిలీదే, నరకడం నిజమే. ఆ వారం ఈ రెండు సంగతులూ ఒకే వార్తలో రాసిన రిపోర్టర్ ఎవరైనా మీకు గుర్తుంటే వాళ్ల పేరు రాసి పెట్టుకోండి. నేను రాసి పెట్టుకున్నాను.

మరి ఇప్పుడు మీరేం చేయాలి? చేపల వీడియో కింద గొడవపెట్టకుండా ఒక ప్రశ్న రాయండి: 'సార్, నీళ్లు ఎక్కడ, ఎప్పుడు తీశారు, ఏ ల్యాబ్‌లో పరీక్ష చేయించారు, రిపోర్టు పెడతారా?' జవాబు కంటే జవాబిచ్చిన తీరు చూడండి. రిపోర్టు పెట్టినా మంచిదే, 'చేయించలేదు, స్థానికులు చెప్పింది' అన్నా మంచిదే. 'నువ్వు కంపెనీ మనిషివా' అంటే మాత్రం నా అంచనా మార్చుకుంటాను. రెండోది, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు చట్టం కింద ఆర్టీఐ దరఖాస్తు. పది రూపాయలు, 30 రోజులు. 'చేపలు ఎందుకు చచ్చాయి' అని అడగకండి, దాటవేస్తారు. 'ఫలానా తేదీ తర్వాత ఫలానా చెరువు నుంచి తీసిన నీటి శాంపిళ్ల పరీక్ష రిపోర్టుల నకళ్లు ఇవ్వండి' అని అడగండి. బీకాం చదివిన వాళ్లకు అంకెల పట్టిక చదవడం కొత్త కాదు. అందులో ఆక్సిజన్, బీవోడీ (మురుగును తినే సూక్ష్మజీవులు లాగేసే ఆక్సిజన్ లెక్క), అమ్మోనియా వరసలు చూడండి, శాంపిల్ తీసిన తేదీ ముందు చూడండి. ఆయన పేపర్‌లో వచ్చిన వార్త తప్పని తేలితే మొదట ఎడిటర్‌కి ఉత్తరం రాయాలి, వినకపోతే ప్రెస్ కౌన్సిల్. దినపత్రికలో వచ్చిన వార్త మీద రెండు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. యూట్యూబ్ వీడియోలు ప్రెస్ కౌన్సిల్ కిందికి రావు.

నమ్మొచ్చా అని సూటిగా అడిగారు కాబట్టి నేనూ సూటిగానే చెబుతాను. కళ్లతో చూసి చూపించినది, అంటే నాలా ఎక్కడ కలుస్తోంది, మోటారు ఆగిందా, నురగ ఎక్కడుంది, ఇవి ఆయన చెబితే నమ్ముతాను. అంకె చెబితే నేను వెళ్లి చూసుకుంటాను. కారణం చెబితే ఆగుతాను. ఎఫ్‌టీఎల్ వీడియోని కాగితం చూసేదాకా లెక్కలోకి తీసుకోను. అమ్ముడుపోయాడన్న మాటకు నాకు ఆధారం కనిపించలేదు. తొందర మనిషి, అడగాల్సిన వాళ్లను అడగడు, కానీ తప్పు చెబితే దిద్దుకునే రకం. ఇలాంటి కాపీ మా డెస్కుకు వస్తే చింపేసేదాన్ని కాదు, ఫోన్ చేసి మళ్లీ చెరువు దగ్గరికి పంపేదాన్ని.

ఆయన వెళ్లకపోతే మీరే వెళ్లొచ్చు. మామయ్య గారు పొద్దున్నే కట్ట మీద వాకింగ్‌కి వెళ్తారని రాశారు, లుంగీ పైకి కట్టిన ఆ పెద్దాయన ఆయనకు ఎదురుపడే ఉంటాడు. ఈసారి కనిపిస్తే ఆపి అడగమనండి: ఆ రోజు ఎన్ని గంటలకు తేలాయి, వాటిలో కొరమీను ఉందా? ఏం చెప్పాడో నాకు కూడా రాయండి.